మీ దుకాణం ముచ్చట మీ నోటితోనే చెప్పండి

సుల్తానాబాద్ చిన్న వ్యాపారులకు బహిరంగ లేఖ

సుల్తానాబాద్ బజారులో దుకాణాలు నడిపే అన్నలకు, ఇంట్లోనే సకినాలు చుట్టి, తొక్కులు పెట్టి అమ్మే అక్కలకు, కుట్టు మిషన్ మీద సంసారం నెట్టుకొచ్చే చెల్లెళ్ళకు, తండ్రి గల్లాపెట్టె దగ్గర కొత్తగా కూర్చున్న తమ్ముళ్ళకు నమస్తే.

ఏ దుకాణం మెట్లెక్కినా ఇప్పుడు వినపడే మాట ఒక్కటే: "గిరాకి లేదు." ఆ మాట అబద్ధం కాదు. అట్లాగని జనం కొనడం మానేశారా అంటే అదీ లేదు. చీర కోసం ఒకప్పుడు కరీంనగర్ బస్సెక్కిన ఇల్లాలు ఇప్పుడు ఆ బస్సు కూడా ఎక్కడం లేదు. హైదరాబాద్‌లోనో సూరత్‌లోనో ఒకామె ఫోన్ ముందు నిలబడి మడత విప్పి, కొంగు చూపించి, ధర చెబుతుంటే, ఇక్కడ ఈమె పడుకోబోయే ముందు స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పంపి చీరను పక్కకు పెట్టించుకుంటున్నది. గిరాకి ఫోన్‌లోకి మారింది. మీరు కూడా అక్కడ కనబడాలి. అందులో వాదం లేదు. ఎట్లా కనబడాలన్నదే నా ముచ్చట.

మీలో కొందరు ఈ సంగతి ముందే పసిగట్టి వీడియోలు తీయించారు. ఇప్పుడు అందరూ తీయించే వీడియో ఎట్లా ఉంటుందో మీకు తెలుసు. ముందు డ్రోన్ పైనుంచి రాజీవ్ రహదారిని చూపిస్తుంది. వెనక సినిమా పాట. తర్వాత పట్నం నుంచి వచ్చిన పిలగాడు "హాయ్ గాయ్స్" అని మొదలుపెట్టి, ఒక ముక్క నోట్లో వేసుకొని, నమలక ముందే కళ్ళు మూసి తల ఊపుతాడు. చివర్లో ఎర్ర అక్షరాల్లో డిస్కౌంట్. ఆ వీడియోలో మీ బోర్డు తీసేసి వరంగల్ దుకాణం బోర్డు పెట్టినా ఎవరూ గుర్తుపట్టరు. బోర్డు మార్చినా నడిచే వీడియో మీది కాదు. దానికి పెట్టిన పైసలు దండుగ.

నేను చెప్పదలచుకున్నది ఇంతే: గల్లా దగ్గర దొరికేదే కెమెరా ముందు కనబడాలి. సరుకైనా, ధరైనా, మాటతీరైనా అంతే. వీడియో మీరు గిరాకికి ముందుగా ఇచ్చే మాట. ఆ మాట నిలబెట్టుకోగలిగినంత మేరకే వీడియో తీయండి.

సాక్ష్యం కోసం దూరం పోవద్దు. మన పక్క జగిత్యాల జిల్లా, మల్యాల మండలంలో లంబాడిపల్లి అనే పల్లె ఉన్నది. 2012లో శ్రీరాం శ్రీకాంత్ అక్కడ "మై విలేజ్ షో" మొదలుపెట్టారు. కూలి పనికి పోయి బతికిన, చదువు రాని మిల్కూరి గంగవ్వ ఆ వీడియోలతోనే లోకానికి తెలిసింది. 2019లో "మల్లేశం", "ఇస్మార్ట్ శంకర్" సినిమాల్లో కనిపించింది. 2020లో బిగ్ బాస్ ఇంట్లో అడుగుపెట్టింది. సినిమావాళ్ళే తమ సినిమా ప్రచారానికి ఆమెను వెతుక్కుంటూ వచ్చే దాకా సంగతి పోయింది. ఆమె ఏ భాష నేర్చుకొని ఇదంతా సాధించింది? వాకిట్లో మాట్లాడే భాషే మాట్లాడింది. మన కరీంనగర్ యాసను సినిమాల్లో ఏండ్ల తరబడి రౌడీకీ జోకులు చెప్పేవాడికీ అప్పజెప్పిన చోట, ఆ యాసలోనే ఒక ముసలవ్వ మాట్లాడితే ఆంధ్రలో, అమెరికాలో కూర్చొని విన్నారు. కాబట్టి కెమెరా కనబడగానే "మా వద్ద నాణ్యమైన వస్తువులు సరసమైన ధరలకు లభించును" అని టీవీ గొంతు పెట్టకండి. "మా దగ్గర ఇయ్యాల కిలో ఇంత" అంటే చాలు.

ఒక్క సంగతి మరిచిపోవద్దు. మై విలేజ్ షో వీడియోలు కెమెరా దారిన పోతుంటే దొరికిన దృశ్యాలు కావు. కథ అనుకొని, నటించి, కత్తిరించి తయారు చేసినవి. సహజంగా ఉండాలంటే తయారు కాకుండా రావాలని అర్థం చేసుకోవద్దు. ఏం చెప్పాలో కాగితం మీద రాసుకోండి. తప్పు పోతే మళ్ళీ తీయండి. దుకాణం ఊడ్చి, మంచి అంగీ వేసుకొని నిలబడండి. పండుగ పూట మీరు చేసేది అదే కదా. అబద్ధం ఆడకుంటే చాలు.

ఇంకొక ఉదాహరణ హైదరాబాద్‌ది. మాదాపూర్‌లో రోడ్డు పక్కన అన్నం అమ్మే కుమారి ఆంటీ పేరు తెలియని వాళ్ళు 2024 జనవరిలో లేరు. ఆమె ఏ ఏజెన్సీకీ పైసలిచ్చి ప్రచారం చేయించుకున్న మనిషి కాదు. తినడానికి వచ్చినవాళ్ళు తీసిన వీడియోల్లో ఆమె అన్నం వడ్డించే చెయ్యి, కూరల గిన్నెలు, బిల్లు లెక్క పైకి చెప్పే తీరు ఉన్నాయి. ఆ బిల్లు లెక్కే రాష్ట్రమంతా నవ్వుతూ చెప్పుకునే మాటయింది. తర్వాత ఏమైందో కూడా చూడాలి. జనం ఎగబడ్డారు, రోడ్డు నిండిపోయింది, ట్రాఫిక్‌కు అడ్డమని పోలీసులు బండి ఆపించారు. చివరికి ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కల్పించుకొని ఆమెను అక్కడే అమ్ముకోనివ్వమని చెప్పాల్సి వచ్చింది. మన అందరి కోసం ముఖ్యమంత్రి రాడు. రోజుకు ముప్పై ప్లేట్లు వడ్డించే హోటల్ మీద మూడు వందల మంది పడితే అన్నం చాలదు, రుచి నిలబడదు, మొదటి నుంచీ వచ్చే గిరాకి అలిగి పోతుంది. అందుకే ఎంత చేయగలరో వీడియోలోనే చెప్పండి. "పొద్దుగాల పదింటికల్లా అయిపోతయి" అని చెప్పడం నామోషీ కాదు. అది నమ్మకం పెంచే మాట.

పెద్ద వ్యాపారంలోనూ ఈ దారి పట్టినవాళ్ళున్నారు. లలితా జ్యువెలరీ యజమాని కిరణ్ కుమార్ హీరోయిన్లను పక్కన పెట్టి, గుండుతో, తెల్ల అంగీతో తానే కెమెరా ముందుకొచ్చారు. డబ్బులు ఎవరికీ ఊరికే రావన్నారు. నగ ఫొటో తీసుకొని పోయి వేరే దుకాణాల్లో ధర పోల్చుకోమన్నారు. ఆ ప్రకటనల మీద ఎన్ని జోకులు పుట్టినా మనిషి మాత్రం గుర్తుండిపోయాడు. వేరే దుకాణంలో అడిగి రమ్మని చెప్పే ధైర్యం మీ సరుకు మీద మీకుందా? ఉంటే మొదటి వీడియో దానితోనే తీయండి.

ఇక మన బజారు సంగతికి వద్దాం. సుల్తానాబాద్ అనగానే ముందు యాదికొచ్చేది రైస్ మిల్లులు. బియ్యం అమ్మే అన్నలారా, గిరాకి మనసులో ఉండే అనుమానాలు మీకంటే ఎవరికి తెలుసు? పాతవా, కొత్తవా? నూక ఎంత? పాలిష్ ఎంత పట్టారు? ఎసరు ఎంత పెట్టాలి? ఒక్కో అనుమానం ఒక్కో వీడియో. సంచి కుట్టు విప్పి, పిడికెడు బియ్యం పళ్ళెంలో పరిచి, నూకలు వేరు చేసి పక్కన పెట్టండి. వడ్లు వానకాలానివా, యాసంగివా, మర పట్టి ఎన్నాళ్ళయిందో చెప్పండి. అవే బియ్యం గిలాసకు ఎన్ని గిలాసల నీళ్ళు పోశారో చూపించి, వండి, మూత తీసి, గంటెతో కదిపి చూపించండి. కొత్త బియ్యమైతే మెత్తగా అవుతాయని మీరే ముందు చెప్పండి. ఆవిరి పట్టిన బియ్యాన్ని పాత బియ్యమని అమ్మేవాళ్ళ మధ్య, ఇవి స్టీమ్, ఇవి రా, ఇవి ఏడాది పాతవి అని మూడు కుప్పలు పోసి తేడా చెప్పినవాడిని జనం మరవరు. తెలంగాణ సోన, అదే ఆర్‌ఎన్‌ఆర్ 15048, గ్లైసీమిక్ ఇండెక్స్ (తిన్నాక రక్తంలో షుగర్ పెరిగే వేగం లెక్క) తక్కువని పేరున్న రకం. ఆ మాట వరకు చెప్పండి. "షుగర్ తగ్గుతది" అని మాత్రం అనకండి. ఆ ఒక్క మాటతో బియ్యం వ్యాపారి నకిలీ వైద్యుడవుతాడు.

సకినాలు చేసే అక్కలకు వేరే కథ అవసరమే లేదు. కొత్త బియ్యం నానబోసి, తడి పిండి పట్టించి, నువ్వులు, వాము, ఉప్పు కలిపి, పరిచిన బట్ట మీద పిండిని వేళ్ళ సందున తిప్పుతూ చుట్టు మీద చుట్టు వేస్తుంటే చూసినవాడి కన్ను అక్కడే ఆగిపోతుంది. ఆ చేతిని దగ్గర నుంచి తీయండి. పాట వద్దు. మీరు, మీ పక్కన కూర్చొని చుట్టే ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చెప్పుకునే మాటలే చాలు. డల్లాస్‌లో ఉన్న బిడ్డకు కొరియర్ చేసే తల్లి ఆ మాటలు విని ఫోన్ చేస్తుంది. చివర్లో ఏ నూనెలో కాల్చారు, ఎప్పుడు చేశారు, కిలో ఎంత, ఎన్ని రోజులుంటాయి అని చెప్పండి. తినే సరుకు ఇంట్లో చేసి అమ్మినా ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ 14 అంకెల నంబరు ప్యాకెట్ మీద కనబడేటట్టు ఒక క్షణం కెమెరా ముందు పట్టుకోండి.

మోటార్ వైండింగ్ చేసే అన్నలు వీడియోలు తమకెందుకనుకుంటారు. నిజానికి అందరికంటే మీకే ఎక్కువ అవసరం. వరి నాట్లప్పుడు మోటార్ కాలిందంటే రైతు ప్రాణం పోయినంత పని. తెచ్చి మీ దగ్గర వేస్తాడు కానీ ఈయన రాగి వైరే వేస్తాడా, అల్యూమినియం వేస్తాడా అన్న అనుమానం లోపల ఉంటుంది. కాలిన చుట్టను తీసి తూకం మీద పెట్టండి. కొత్త రాగి వైరు ఎంత పట్టిందో అదే తూకం మీద చూపించండి. రైతు పక్కనే ఉంటే ఇంకా మంచిది. ఒక ఫేజ్ పోయినప్పుడు మోటార్ నడిపితే ఎందుకు కాలుతుందో, కాలకుండా ఏం పెట్టుకోవాలో ఇంకో వీడియోలో చెప్పండి. అట్లా చెబితే పని తగ్గుతుందని భయం వద్దు. మోటార్ కాలకుండా కాపాడిన మనిషి దగ్గరికే కాలిన మోటార్ కూడా వస్తుంది.

బ్లౌజులు కుట్టే చెల్లెళ్ళు పైన మెరిసే మగ్గం పని ఒక్కటే చూపిస్తారు. బ్లౌజు తిరగేసి లోపలి కుట్టు, లైనింగ్, తర్వాత వదులు చేసుకోవడానికి వదిలిన గుడ్డ చూపించండి. ఆడవాళ్ళు చూసేది అదే. పాత పట్టుచీరకు ఫాల్ మార్చడం, చిరిగినచోట రఫూ చేయడం ముందు ఎట్లుంది, తర్వాత ఎట్లుంది అని చూపించినా గిరాకి వస్తుంది.

చేతి పని చేసేవాళ్ళకు వీడియో అన్నిటికంటే పెద్ద ఆయుధం. కరీంనగర్ వెండి ఫిలిగ్రీకి భౌగోళిక గుర్తింపు (జిఐ) ఉన్నది. సన్నని వెండి తీగలు పేని, వంచి, పువ్వులుగా ఆకులుగా అల్లి, కాల్చి అతికే పని అది. కుంకుమ భరిణె ధర వినగానే "ఇంతనా" అని వెనక్కి పోయే మనిషి, ఆ తీగ పట్టకారు కొసన వంగుతున్న తీరు చూస్తే బేరం ఆపుతాడు. నిర్మల్ బొమ్మలదీ అంతే. పొనికి కర్ర చెక్కడం, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి ముక్కలు అతికి నునుపు చేయడం, రంగులు వేయడం చూపిస్తే ప్లాస్టిక్ బొమ్మకూ దీనికీ తేడా ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. మిషన్ మీద తయారైన నకలు సరుకుకు ధర తక్కువే ఉంటుంది కానీ చూపించడానికి చెయ్యి ఉండదు.

తీయడానికి పెద్ద సరంజామా ఏమీ అవసరం లేదు. మీ జేబులోని ఫోన్ చాలు. లెన్స్‌ను అంగీ కొసతో ఒకసారి తుడవండి. ట్యూబులైటు కింద కాకుండా పొద్దున షట్టర్ ఎత్తగానే వచ్చే వెలుతురులో తీయండి. వెలుతురు మీ మొహం మీద పడాలి, వీపు మీద కాదు. రాజీవ్ రహదారి పక్కన దుకాణమైతే లారీ హారన్లు మీ మాటను మింగేస్తాయి. కాబట్టి పైసలు పెట్టదలచుకుంటే మొదట అంగీకి తగిలించుకునే చిన్న మైకు మీద పెట్టండి. బొమ్మ కొంచెం మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట వినపడకుంటే వెంటనే పైకి తోసేస్తారు. మొదటి మాటలోనే విషయం రావాలి. "అందరికీ నమస్కారం, ఈ రోజు వీడియోలో" అని మొదలుపెట్టే లోపే చూసేవాడు ఇంకో వీడియోకు పోయి ఉంటాడు. ధర దాచకండి. "ధర కోసం ఫోన్ చేయండి" అంటే ఎక్కువ ఉంటుందని అర్థం చేసుకుంటారు. దుకాణం ఏ సందులో, ఏ బ్యాంకు ఎదురుగా ఉన్నదో మన ఊరి ఆనవాళ్ళతోనే చెప్పండి. సినిమా పాట పెట్టే అలవాటు మానుకోండి. వ్యాపార ప్రచారానికి వాడాలంటే హక్కులు కావాలి, లేకుంటే ఎప్పుడైనా శబ్దం తీసేస్తారు. మిషన్ చప్పుడు, నూనె సలసల, తక్కెడ మోత మీ సొంతం. వాటి మీద వేరెవరికీ హక్కులు లేవు.

ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు నా సమాధానం ముందు వాట్సాప్ స్టేటస్. మీ నంబరు దాచుకున్నవాళ్ళు మీ అసలు గిరాకి. తర్వాత యూట్యూబ్ షార్ట్స్, ఇన్‌స్టాగ్రామ్ రీల్స్. గూగుల్ మ్యాప్‌లో మీ దుకాణం గుర్తు పెట్టి అక్కడా నాలుగు ఫొటోలు, ఒక వీడియో వేయండి. అన్ని గుడ్లూ ఒకే బుట్టలో పెట్టవద్దనడానికి టిక్‌టాక్ కంటే మంచి పాఠం లేదు. 2020 జూన్ 29న కేంద్రం దాన్ని నిషేధించింది. లక్షల మంది చూసే ఖాతాలున్నవాళ్ళు తెల్లారేసరికి ఖాళీ చేతులతో మిగిలారు. గిరాకి ఫోన్ నంబర్లు రాసిపెట్టుకున్న వ్యాపారి మాత్రం నష్టపోలేదు. ఎంతమంది చూశారన్న లెక్క పట్టుకొని నిద్ర చెడగొట్టుకోవద్దు. గుంటూరులో లక్ష మంది చూస్తే మీ గల్లాలో రూపాయి పడదు. జూలపల్లి, ఎలిగేడు, ఓదెల, కాల్వశ్రీరాంపూర్ నుంచి మూడు వందల మంది చూస్తే అందులో పది మంది శనివారం వస్తారు. "వీడియో చూసి వచ్చినరా?" అని గల్లా దగ్గర అడిగి నోటుబుక్కులో గీత పెట్టుకోండి. అదే మీ అసలు లెక్క.

చట్టం మాట కూడా చెప్పాలి. పైసలిచ్చి పొగిడించుకునే వీడియోల విషయంలో ప్రభుత్వం ఇప్పుడు కఠినంగా ఉన్నది. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో వచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై మార్గదర్శకాలు 2022 జూన్‌లో వచ్చాయి. పైసలో, ఉచిత సరుకో తీసుకొని పొగిడేవాళ్ళు ఆ సంగతి వీడియోలోనే చెప్పాలి. తప్పుడు ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేసే అధికారం ఉన్నది. అంత దూరం మన బజారుకు రాకపోవచ్చు, కానీ ఊళ్ళో అబద్ధం బయటపడితే జరిమానా కంటే ముందు పరువు పోతుంది. బంధువుల చేత దొంగ పొగడ్తలు రాయించకండి. గిరాకిని వీడియో తీసేటప్పుడు అడిగి తీయండి. ఆడవాళ్ళను, పిల్లలను అడగకుండా అసలే తీయవద్దు.

వీడియో పెట్టాక అసలు పరీక్ష మొదలవుతుంది. 2025 ఏప్రిల్‌లో రెండు తెలుగు రాష్ట్రాలూ చూసిన పచ్చళ్ళ గొడవ మీకు గుర్తుండే ఉంటుంది. రీల్స్‌తో పేరు తెచ్చుకొని మంచి వ్యాపారం కట్టిన ఇల్లు అది. ధర ఎక్కువని అడిగిన గిరాకికి వాట్సాప్‌లో బూతులతో ఒక వాయిస్ మెసేజి సమాధానంగా పోయింది. ఆ గొంతు ఊరూరా తిరిగింది. వీడియోలో నవ్వుతూ కనబడ్డ మొహానికీ ఆ గొంతుకూ పొంతన లేదని జనం నిమిషాల్లో తేల్చేశారు. రీల్స్ మీద రీల్స్ పేర్చి కట్టిన పేరును ఒక్క మెసేజి కూల్చింది. కాబట్టి "మీ సకినాలు గట్టిగున్నయి" అని ఎవరైనా కింద రాస్తే దాన్ని తుడిచేయకండి. "ఆ దఫా పిండి ఆరిపోయిందక్కా, వచ్చే దఫా వేరేది పంపిస్తం" అని అక్కడే రాయండి. వంద పొగడ్తలకంటే ఆ ఒక్క జవాబును ఎక్కువమంది చదువుతారు.

వర్తక సంఘం పెద్దలకు ఒక విన్నపం. అందరూ తలో కొంత వేసుకొని మంచి మైకు, ఒక స్టాండు కొని సంఘంలో ఉంచండి. అవసరమైనవాళ్ళు తీసుకొని వాడుకుంటారు. ఇంటర్, డిగ్రీ చదివే మన పిల్లలకు ఎడిటింగ్ చేతివేళ్ళ మీద పని. పట్నం ఏజెన్సీకి ఇచ్చేదాంట్లో సగం వాళ్ళకిస్తే ఊళ్ళోనే పని దొరుకుతుంది, మన యాస కూడా చెడకుండా ఉంటుంది. దసరా, సంక్రాంతి ముందు బజారంతా కలిసి ఒక్కొక్క దుకాణం నుంచి ఒక్కొక్క వీడియో వదిలితే, సుల్తానాబాద్‌లో ఏమేమి దొరుకుతాయో చుట్టుపక్కల మండలాలకు తెలుస్తుంది.

మీకు ఒకటే చెబుతున్నాను. హీరోలాగా కనబడాలని చూడకండి. మీ పేరు, దుకాణం ఎక్కడున్నదో, ఇయ్యాల్టి ధర, ఆ సరుకులో ఉన్న మంచీ లోటూ చెప్పండి. చెప్పినదే ఇవ్వండి. ఈ వారమే ఒక్కటి తీసి పెట్టండి.

ఇట్లు,
మీ బజారులో సరుకు కొనుక్కునే ఒక గిరాకి